వంట మేస్త్రి లోవరాజు తువ్వాలు

అంబాజీపేట చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, ముహూర్తం పెట్టించుకున్నాక తిన్నగా వెళ్ళేది లోవరాజు ఇంటికే. వంట మేస్త్రి. నలభై ఆరేళ్ళ మనిషి. గాడిపొయ్యి పొగలో కళ్ళు మూసుకుని నిలబడి కూడా దప్పళం మరిగిందో లేదో వాసనతో చెప్పేస్తాడు. ఇక పనసపొట్టు కూరలో ఆవ పెట్టడం ఆయన చేతిలోనే చూడాలి. ఆ కూర కోసం మొహమాటం వదిలేసి మారు అడిగిన వియ్యంకులున్నారు.

ఇంత పనిమంతుడికి ఒక్కటే లోపం. ఎదుటివాళ్ళ మాట కాదనలేడు. "మేస్త్రి గారూ, పులుసులో బెల్లం కాస్త తగ్గిందేమోనండీ" అంటే "ఆయ్" అంటాడు. పక్కనున్నాయన "నాకైతే ఎక్కువైనట్టుందండీ" అంటే దానికీ "ఆయ్" అంటాడు. గోదావరి నీళ్ళు తాగినవాళ్ళకి ఆ మర్యాద కొత్త కాదుగానీ, లోవరాజు దగ్గర అది మోతాదు మించింది. ఎంత మించిందంటే, చివరికి కన్నతల్లి ప్రాణం మీదికి తెచ్చింది.

కిందటి కార్తీకంలో కటింగ్ షాపు అయ్యప్ప, కత్తెర ఆడిస్తున్నవాడు ఆగిపోయాడు. షాపులో ఇంకెవరూ లేకపోయినా చెవి దగ్గరికి వంగి, "మేస్త్రి గారండీ, ఇక్కడ రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయిపోయిందండి. పేనుకొరుకుడు లాగుంది" అన్నాడు.

 పెద్ద జబ్బేమీ కాదని అయ్యప్ప చెబుతూనే ఉన్నాడు. కానీ ఆ పేరు చూడండి! పేను అనే మాట పేరులోనే ఉన్న జబ్బు ఒక వంటవాడి తలకి పట్టుకోవడమంటే ఏమన్నా ఉందా? ఈ కబురు బయటికి పొక్కితే ఆయన వండిన అన్నానికి విస్తరి ముందు ఎవరు కూర్చుంటారు? పాతికేళ్ళు పొగ మింగి సంపాదించుకున్న పేరు ఒక్క బంతిలో గంగలో కలిసిపోతుంది.

ఆ రోజు నుంచి తలకి తువ్వాలు దిగలేదు. పొయ్యి దగ్గర ఎలాగూ చుట్టుకుంటాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో భార్య నాగదుర్గ ఉల్లిపాయ రసం రుద్దింది. మందారాకు నూరి పట్టించింది. గురివింద గింజ అరగదీసి పూస్తే మచ్చ మండింది తప్ప వెంట్రుక మొలవలేదు. ఒక మచ్చ మూడైంది, మూడు అయిదయ్యాయి. రాత్రి దిండు మీద తల పెట్టుకోవడానికి కూడా ఆ మనిషి భయపడేవాడు, తెల్లారితే ఇంకెంత ఊడుతుందోనని.

అమలాపురంలో చర్మవ్యాధుల డాక్టరు కృష్ణమోహన్ గారున్నారు. చేతివాసి ఉన్న మనిషి, ఆయన గుమ్మంలో జనం కిటకిటలాడుతుంటారు. అబద్ధమెందుకు, మంచివాడు కూడా. లోవరాజు వెళ్ళిన రోజు తన ముందు ఒక కాలేజీ అమ్మాయి లోపలికి వెళ్ళింది. తలుపు సందులోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి. జుట్టు ఊడుతోందని ఆ అమ్మాయి అనగానే డాక్టరు గారు ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు, లైటు వేసి పాపిడి తీసి చూశారు, రక్తపరీక్ష రాశారు. లోవరాజుకి ధైర్యం వచ్చింది.

తీరా తన వంతు వచ్చాక, "జుట్టు ఊడిపోతోందండి" అన్నాడో లేదో, డాక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వేశారు.

"పెళ్ళయిందా?"

"ఆయ్."

"పిల్లలు?"

"ఇద్దరండి."

"మరింకెందుకయ్యా జుట్టు? నన్ను చూడు!" అని ఆయన నున్నటి తన తల మీద తనే చెయ్యేసుకున్నారు. "నేను బతకట్లేదా? మగాడివి, దీనికి దిగులేంటి?"

పక్కనున్న కాంపౌండరు కూడా నవ్వాడు. లోవరాజు కూడా నవ్వాడు పాపం, మర్యాదకి. "ఆయ్" అని లేచి వచ్చేశాడు. నెల తర్వాత మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఏమైనా సరే తువ్వాలు విప్పి చూపిద్దామనుకుని ముడి మీద చెయ్యి వేసేలోగా ఆయన విటమిన్ బిళ్ళలు రాసి బెల్లు నొక్కేశారు. అంత పెద్ద చదువు చదివిన మనిషి, ఎదురుగా కూర్చున్నవాడి తల మీద గుడ్డెందుకుందని ఒక్క ముక్క అడగలేదు! నాకైతే ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వైశాఖం వచ్చేసరికి జబ్బు మీసంలోకి దిగింది. తలకి తువ్వాలుంది, మీసానికేం చుడతాడు? ఎడమవైపు సగం మీసం లేకుండా అద్దంలో కనబడిన తన మొహం తనకే కొత్తగా ఉంది. అయ్యప్ప దగ్గరికెళ్ళి, "తలా మీసమూ రెండూ తీసెయ్యి" అన్నాడు. నున్నగా గీయిస్తే మచ్చలు అంతగా కనబడవని ఆలోచన. ఎవరైనా అడిగితే వాడపల్లి వెంకన్నకి మొక్కని చెప్పెయ్యమని నాగదుర్గ నేర్పింది. దేవుడి పేరు మీద అబద్ధమాడితే కళ్ళు పోతాయని లోవరాజు ఒప్పుకోలేదు.

గుండు కొట్టించుకుని వచ్చి, స్నానం చేసి, అరుగు మీద తల ఆరబెట్టుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే గోపీకృష్ణ గారు వచ్చారు. ఆయన కూతురి పెళ్ళి ఇంకా ఎనిమిది రోజులుంది. వంటకాల జాబితా ఖాయం చేసుకుందామని వచ్చిన మనిషి, మేస్త్రి తలా మీసమూ చూసి గుమ్మం అవతలే ఆగిపోయారు. లోవరాజుకి తండ్రి ఎప్పుడో పోయాడని ఆయనకి తెలుసు. తల్లి పాపాయమ్మ కిందటి దసరా నుంచీ ఊళ్ళో లేదనీ, గోదావరి అవతల కె.గంగవరంలో కూతురి దగ్గరుందనీ తెలుసు. తలా మీసమూ రెండూ తీయించుకున్న మగవాణ్ణి చూస్తే మన వైపు ఎవరైనా ఏమనుకుంటారు?

"అయ్యయ్యో! అమ్మగారు పోయేరాండీ?" అన్నారాయన.

కాదంటే తర్వాతి ప్రశ్న ఏంటో లోవరాజుకి తెలుసు. మరి ఈ గుండెందుకండీ అంటారు. దానికి జవాబు ఒక్కటే ఉంది, అది చెప్పలేడు.  ఏదో ఒకటి అనాలి కదా అని నోరు తెరిస్తే, ఎప్పుడూ వచ్చే మాటే వచ్చింది.

"ఆయ్."

గోపీకృష్ణ గారు చలించిపోయారు. "పెద్ద ప్రాణమండి. ఏం చేస్తాం! మీరు మైలలో ఉండగా పెళ్ళి వంటెలాగూ కుదరదు. మీరేం మనసులో పెట్టుకోకండి. వేరే ఎవరినైనా చూసుకుంటాను" అని కళ్ళు ఒత్తుకుంటూ వెళ్ళిపోయారు. ఆయనకిద్దామని టీ గ్లాసుతో వచ్చిన నాగదుర్గ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? అత్తయ్యని చంపేశావా?" అంది.  అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే గోపీకృష్ణ గారి వెనకాల పరిగెత్తాలి, పరిగెత్తి నిజం చెప్పాలి. లోవరాజు తువ్వాలు తీసి తలకి చుట్టుకున్నాడు.

సాయంత్రానికల్లా వంట మేస్త్రీల వాట్సాప్ గ్రూపులో పాపాయమ్మ ఫొటో వచ్చేసింది. కింద దీపం, చుట్టూ బంతిపూలు, 'అశ్రునివాళి'. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఈడు ఆడవాళ్ళిద్దరు ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి, కె.గంగవరం వీధి మొదట్లోనే ఏడుపందుకున్నారు. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న పాపాయమ్మ కంగారుగా లేచింది.

"ఎవరే? ఎవరు పోయేరే?"

వాళ్ళ ఏడుపు ఆగిపోయింది. "నువ్వేనే" అందొకావిడ.

విషయం తెలిశాక పాపాయమ్మ కొడుక్కి ఫోను చేసింది. ఎత్తలేదు. ఇంకో రెండుసార్లు చేసి, సంచీ సర్దుకుని వాళ్ళతో పాటే పంటు ఎక్కేసింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఎండలో ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా కొడుకు తల మీద తువ్వాలు లాగేసింది. అయ్యప్ప కత్తి పడి ఒక రోజు దాటింది కదా, మిగతా తలంతా నల్లగా మొలకెత్తి మచ్చలు తెల్లగా బయటపడ్డాయి. ఆవిడ కోపమంతా ఏమైపోయిందో!

"ఎవరికైనా చూపించేవా నాయనా?"

"డాక్టరు గారికి చూపించేనమ్మా."

"తల చూసేరా ఆయన?"

"లేదు. మగాడికి జుట్టెందుకన్నారు."

"మరి నువ్వేమన్నావు?"

కొడుకు మొహం చూసి జవాబు ఆవిడే తెలుసుకుంది. "పద" అంది.

డాక్టరు గారి గదిలో మళ్ళీ పాత పాటే. "ఏం లోవరాజూ, గుండు కొట్టించేసేవు కదా, ఇంక ఊడేదేముంది?" అన్నారాయన. కాంపౌండరు నవ్వాడు.

"నేను చచ్చిపోయేనంటండి బాబూ" అంది పాపాయమ్మ కుర్చీలో కూర్చుంటూ. జరిగిందంతా చెప్పింది. ఫోనులో తన ఫొటో, బంతిపూలు కూడా చూపించింది. డాక్టరు గారు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, నేను పోయేనని ఒప్పుకున్నావు గానీ, జుట్టు పోయిందని ఒప్పుకోలేకపోయేవా?"

లోవరాజు నేల చూస్తూనే చెప్పాడు.  "నువ్వు పోయేవంటే జాలి పడతారమ్మా. జుట్టు పోయిందంటే నవ్వుతారు. డాక్టరు గారే నవ్వేరు. ఇంక ఊళ్ళోవాళ్ళు నవ్వరా?"

 డాక్టరు గారి మొహంలో నవ్వు అక్కడికక్కడే చచ్చిపోయింది. లేచి, చేతులు కడుక్కుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి లోవరాజు వెనక నిలబడ్డారు. లైటు దగ్గరికి లాగి, రెండు చేతులతో తల పట్టుకుని, ఒక్కొక్క మచ్చనే వేలితో తడుముతూ చూశారు. ఎప్పుడు మొదలైంది, నెప్పి ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, నిద్ర పడుతోందా అని అడిగారు. ఇంటివాళ్ళూ మంగలీ తప్ప ఇన్ని నెలల్లో ఎవరూ ముట్టుకోని తల అది. లోవరాజుకి ఏడుపొచ్చేసింది. ఆపుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"ఇది నేను మొదటి రోజే చూడాల్సిందమ్మా" అన్నారు డాక్టరు గారు, ఆవిడ మొహంలోకి చూడలేక. "తప్పు నాది. దీనికీ పేలకీ ఏ సంబంధమూ లేదు. ఒంట్లో ఉన్న రక్షణే పొరపాటున జుట్టు కుదుళ్ళ మీద పడుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు, అన్నానికి అసలే అంటదు. మచ్చల్లో ఇంజక్షన్లు చేస్తాను. రావచ్చు, వచ్చి మళ్ళీ పోవచ్చు. మాట ఇవ్వలేను గానీ, నెలనెలా నేనే చూస్తాను."

ఇంజక్షన్లు మంట పుట్టించాయి.  తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పాపాయమ్మ కొడుకు మోచెయ్యి వదల్లేదు.

ఆ సాయంత్రమే లోవరాజు గోపీకృష్ణ గారింటికి వెళ్ళి, వీధి గుమ్మంలో నిలబడి తువ్వాలు విప్పేశాడు. "మా అమ్మ బతికే ఉందండి. నేను అబద్ధమాడేను. ఇది పేనుకొరుకుడండి. అంటుకోదని డాక్టరు గారు చెప్పేరు. మీకు మనసొప్పకపోతే వేరేవాళ్ళనే పెట్టుకోండి, తప్పుగా అనుకోను" అన్నాడు. జన్మలో అంత పొడుగు మాట ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

గోపీకృష్ణ గారు దగ్గరికొచ్చి ఆ తల వంక చూశారు. "జబ్బు సంగతి డాక్టరు చూసుకుంటారు లెండి. ఉన్న మనిషిని పోయిందన్నందుకు మాత్రం అమ్మగారిని మీరు పెళ్ళికి తీసుకురావాలి. మొదటి బంతిలో కూర్చోబెడతాను" అన్నారు.

అలాగే కూర్చోబెట్టారు. పంటు ఎక్కి ఏడవడానికెళ్ళిన ఇద్దరూ ఆవిడకి చెరో పక్కన కూర్చుని పనసపొట్టు కూర మారు వేయించుకున్నారు. వంట సాగినంతసేపూ శుచి కోసం తువ్వాలు చుట్టుకునే ఉన్న లోవరాజు, మొదటి బంతి లేచే వేళకి దాన్ని విప్పి మొహం తుడుచుకుని భుజాన వేసుకున్నాడు. అడిగినవాళ్ళకి జబ్బు పేరుతో సహా చెప్పాడు. రెండో బంతిలో ముగ్గురు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. అది లోవరాజు చూశాడు.  అయినా తువ్వాలు మళ్ళీ చుట్టుకోలేదు.

మూడో బంతి నడుస్తుండగా గుండిగల వెనక్కి శామ్యూల్ వచ్చాడు. పెళ్ళిళ్ళకి షామియానాలూ లైట్లూ కట్టే మనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, పదేళ్ళుగా ఇద్దరికీ పరిచయం. ఎటూ తేల్చుకోలేక నిలబడి, "మేస్త్రి గారండీ, మీతో ఒక్క మాట" అని నెత్తిమీద టోపీ తీశాడు. చెవి వెనక నున్నటి మచ్చ.

"రెండు నెలలైందండి. ఆసుపత్రికెళ్తే, టెన్షన్ తగ్గించుకో, అదే వస్తుందన్నారండి. చూడలేదండి" అన్నాడు.

లోవరాజు గరిటె పక్కన పెట్టి, చేతులు శుభ్రంగా కడుక్కుని, ముక్కాలి పీట జరిపాడు.

"ఇలా కూర్చోండి. వెలుతురు వైపు తిరగండి. ఏదీ, నన్ను చూడనివ్వండి."