బోర్డు మీద మిగిలిపోయిన నా బిళ్ళ

నేను ఒకసారి బతికుండగానే తప్పిపోయాను. మా బొగ్గుగనిలో పన్నెండు మంది నన్ను పేరు పెట్టి పిలుస్తూ వెతుకుతుంటే, నేను బెంగళూరులో చల్లటి గదిలో కూర్చుని, అంతరిక్షంలో మనిషి తప్పిపోకుండా ఎలా చూసుకోవాలో నేర్చుకుంటున్నాను. ఇంతకన్నా ఘనకార్యం చేసినవాళ్ళు మీలో ఉంటే ఇక్కడే చదవడం ఆపేయవచ్చు. మిగతావాళ్ళు కాస్త కుర్చీ లాక్కుని కూర్చోండి.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ళ ముందు సంగతి. గోదావరిఖని దగ్గర ఒక గనిలో నేను సేఫ్టీ ఆఫీసర్ని. అంటే, లోపలికి దిగిన ప్రతి మనిషీ క్షేమంగా బయటికి వచ్చేలా చూడడం నా ఉద్యోగం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు నవ్వుకోవడానికి పనికొస్తుంది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, పెళ్ళి కాలేదు, నాకు తెలియని విషయం లోకంలో ఉందని కూడా తెలియదు.

ఒకరోజు ఆఫీసుకు ఒక కాగితం వచ్చింది. అంతరిక్ష యాత్రల్లో కొత్తగా వస్తున్న సాంకేతికత మీద అధికారులకు బెంగళూరులో ఐదు రోజుల శిక్షణ. ఉపగ్రహం ఫొటోలు చూసి, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గుంతలు కొలిచే ఒక పెద్దాయన పోవాల్సింది, ఆయనకు కామెర్లు పట్టుకున్నాయి. ఆయన బదులు నేను పోతానని మేనేజర్ ముందు నిలబడ్డాను.

"ఓదెలు, మనం భూమి కిందికి పోయేటోళ్ళం. మీదికి పోయెటోళ్ళ చదువు మనకెందుకయ్యా?" అన్నాడాయన.

"రెండు తావులల్ల గాలి మనమే పంపాలె గద సార్."

ఆ జవాబుకు ఆయన ముచ్చటపడి సంతకం పెట్టేశాడు. ఆ సంతకం ఎందుకు పెట్టానా అని తర్వాత ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

శిక్షణకు వచ్చేవాళ్ళు తమ రంగంలో వాడే ఒక పరికరాన్ని తెచ్చి పది నిమిషాలు మాట్లాడాలని ఆ కాగితంలోనే ఉంది. నాకు వెంటనే తట్టింది క్యాప్ ల్యాంపు. టోపీకి తగిలించుకుని గనిలోకి దిగే లైటు. అవి అప్పుడే కొత్తరకానివి వచ్చాయి, చిన్నవి, తెల్లగా వెలిగేవి. బెంగళూరు వాళ్ళ కళ్ళు చెదరాల్సిందే అనుకున్నాను.

చిక్కల్లా రాజలింగు కాక. ల్యాంపు రూము ఆయన రాజ్యం. అక్కడి పద్ధతి చెబుతాను వినండి, కథంతా దీని మీదే ఉంది. గనిలోకి దిగే ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. బిళ్ళ కాకకు ఇస్తే ఆయన దాన్ని బోర్డు మీద మేకుకు తగిలించి లైటు ఇస్తాడు. బయటికి వచ్చి లైటు ఇస్తే బిళ్ళ తిరిగి ఇస్తాడు. బోర్డు మీద బిళ్ళ ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. షిఫ్టు అయిపోయాక ఒక్క బిళ్ళ మిగిలినా గని మొత్తం కదలాలి.

"కాకా, నా లైటు ఐదు రోజులు బెంగళూరుకు తీస్కపోత," అని అడిగాను.

"లైటు గేటు దాటది సార్."

"నేను సేఫ్టీ ఆఫీసర్ను కాకా."

"గందుకే మీకు ఇంక మంచిగ తెల్వాలె. చూడుండ్రి సార్, ఇంకో మూడు దినాలల్ల నేను రిటైరైత. ముప్పై ఏండ్లసంది ఒక్క దినం గూడ బోర్డు మీద బిళ్ళ ఉంచి ఇంటికి పోలే. నన్ను గిట్లనే దిగిపోనియ్యిండ్రి."

బుద్ధి ఉన్నవాడు అక్కడితో ఊరుకుని ఒక టోపీ తీసుకుపోయేవాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. ప్రయాణం రోజు పొద్దున మామూలుగా బిళ్ళ ఇచ్చి, లైటు తీసుకుని, గనిలోకి దిగాను. గంటన్నర అటూ ఇటూ తిరిగాను. తర్వాత, గాలి బయటికి పోయే రెండో సొరంగం వైపు, ఆపద వేళకని ఉంచిన మెట్లు ఎక్కి బయటపడ్డాను. ఆ దారి అవతల తుమ్మచెట్లే తప్ప కాక ఉండడు. లైటు జేబులో, టోపీ చెట్టు కింద, నేను ఆటోలో. ముందురోజే బస్టాండు దగ్గర టీ హోటల్లో పెట్టిన పెట్టె తీసుకుని రామగుండంలో రైలెక్కాను. నా తెలివికి నేనే మురిసిపోయి దారి పొడవునా ఊళ్ళలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి, అంతరిక్ష శిక్షణకు పోతున్నానని చెప్పాను. కాజీపేట దాటేసరికి సెల్‌ఫోను చచ్చిపోయింది.

బోర్డు మాట నాకు గుర్తే రాలేదు. నేను ఎక్కడున్నానో నాకు తెలుసు కదా, ఇంకెవరికి తెలియాలి?

మర్నాడు శిక్షణలో మొదటి పాఠం చెప్పినాయన తల నెరిసిన పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతాడు. గది బయటే ఒక పళ్ళెంలో అందరి ఫోన్లూ పెట్టించాడు. నాది అప్పుడే చార్జింగు నుంచి తీసి, కట్టేసి పెట్టాను. నౌకలోంచి ఒక మనిషి బయట అడుగు పెడితే, అతడు ఎక్కడున్నాడు, ఊపిరి ఎలా ఉంది, ఎంత గాలి మిగిలింది అని నేల మీద ఎంతమంది కనిపెట్టుకుని కూర్చుంటారో ఆయన చెబుతుంటే నిజంగానే ఒళ్ళు జలదరించింది. తర్వాత పరికరాలు చూపించే వంతు. విమానం మరలు చేసే ఆవిడ ఒక మర చూపించింది. నేను లేచి లైటు వెలిగించాను.

"ఈ లైటు సంగతి అలా ఉంచండి," అన్నాను ఇంగ్లీషులో, ఛాతీ విరుచుకుని. "మీకు ఉపగ్రహాలు కావాలి, మాకు ఒక చెక్క బోర్డు, ఇత్తడి బిళ్ళలు చాలు. ఎవరి లైటు తిరిగి రాకపోతే వాళ్ళ బిళ్ళ బోర్డు మీదే ఉంటుంది. వెంటనే వెతకడానికి మనుషులు దిగుతారు. మనిషి దొరికేదాకా ఆపరు. ఇంతవరకు ఈ పద్ధతి తప్పింది లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. మరలావిడ చెయ్యెత్తింది.

"చాలా బాగుంది. మరి ఈ లైటు తాలూకు బిళ్ళ ఇప్పుడు ఎక్కడుంది?"

"బోర్డు మీద," అన్నాను గర్వంగా.

అన్నాక గానీ ఆ మాట నాకే వినపడలేదు. పెద్దాయన తలుపు వైపు చూపించి, "ముందు మీ ఫోను తీసుకోండి," అన్నాడు మెల్లగా.

గని ఆఫీసుకు ఫోను చేస్తే గుమాస్తా ఎత్తాడు.

"నేను ఓదెలును మాట్లాడుతున్న."

అటువైపు ఏదో కింద పడిన చప్పుడైంది.

"సార్, మీరు ఎక్కడికెల్లి మాట్లాడుతున్నరు?" అన్నాడు గుమాస్తా, చనిపోయినవాళ్ళతో మాట్లాడే మర్యాదతో.

"బెంగళూరు."

"పానం మంచిగనే ఉన్నదా సార్?"

అప్పుడు తెలిసింది సంగతంతా. షిఫ్టు దిగేసరికి బోర్డు మీద నా బిళ్ళ ఒక్కటే ఉంది. మేనేజర్, "వాడు బెంగళూరు పోయుంటడు," అన్నాడట. "రైలెక్కంగ చూసిండ్రా సార్?" అని కాక అడిగాడట. ఎవరూ చూడలేదు. నా గదికి తాళం, నా ఫోను మూగది. బోర్డు మాత్రం నేను లోపలున్నానంటోంది. పన్నెండు మంది పాత గ్యాలరీలన్నీ, అంటే లోపలి సొరంగాలన్నీ, తిరిగారు. షిఫ్టు మీద పెత్తనం చేసే ఓవర్‌మన్ సమ్మయ్యకు "ఓదెలు సారో" అని అరిచి అరిచి గొంతు పోయింది. కాక ఇంటికి పోలేదు, అన్నం ముట్టలేదు.

గుమాస్తా ఫోను కాక చేతికిచ్చాడు. తిట్లకు సిద్ధపడి ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాను. ఆయన తిట్టలేదు.

"బతికున్నవా బిడ్డా," అన్నాడు. ఎప్పుడూ సార్ అనే మనిషి. "నేను పనిల కొత్తగ చేరినప్పుడు గిట్లనే ఒక బిళ్ళ మిగిలింది. ఇంటికి పోయుంటడు తియ్ అన్నరు. నేను ఊకున్న. తెల్లారి చూస్తే కాలు మీద బండ పడి, లోపలనే పడున్నడు. గప్పటిసంది ఎవలు చెప్పినా ఇన."

ఆ క్షణంలో నన్నెవరైనా నిజంగా చంద్రమండలానికి విసిరేసినా బాగుండేదనిపించింది.

"కాకా, తప్పయింది," అన్నాను.

"తప్పు సంగతి తర్వాత. లైటేది?" ఆయన గొంతు మళ్ళీ ల్యాంపు రూము గొంతయింది. "మీరు దొరికిండ్రు, మంచిదే సార్. బిళ్ళ ఇంక బోర్డు మీదనే ఉన్నది. రేపు మొదటి షిఫ్టు దిగంగనే నా సర్వీసు ఖతం."

ఐదు రోజుల శిక్షణలో నేను చదివింది ఒక్క పూట. ఆ సాయంత్రమే రైలెక్కాను. పొద్దున హైదరాబాదులో దిగి గోదావరిఖని బస్సు పట్టుకుని, లైటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెద్దపల్లి దాకా బాగానే వచ్చింది. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీ ఒకటి దారికి అడ్డంగా ఆగిపోయింది. టైము రెండు కావస్తోంది. షిఫ్టు దిగేది మూడింటికి.

పక్క సీటు ముసలాయన నా ఒళ్ళో లైటు చూశాడు.

"గని మనిషివా? గాడ ఒక ఆఫీసరు తప్పిపోయిండటగా?"

"దొరికిండట తాతా."

"గట్లనా. ఎట్లున్నడట?"

"సిగ్గుతోని ఉన్నడట."

"ఉండడా మరి. గంతమందిని తిప్పలు పెట్టె. చదువుకున్నోడేనా?"

"పెద్ద చదువేనట."

"గదే అయుంటది రోగం," అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

లారీ కదిలింది. బస్టాండు నుంచి ఆటో పట్టుకుని, మూడుకు ఐదు నిమిషాలు తక్కువగా ల్యాంపు రూము ముందు దిగాను. షిఫ్టు దిగుతున్న వాళ్ళు, ఎక్కబోయే వాళ్ళు, మేనేజర్, గొంతుకు మఫ్లరు చుట్టుకున్న సమ్మయ్య, అందరూ అక్కడే ఉన్నారు. పెళ్ళికొడుక్కి దారి ఇచ్చినట్టు నాకు దారి ఇచ్చారు. అందరూ పళ్ళు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నారు. సమ్మయ్య మాత్రం మాట్లాడాలని చూశాడు, గొంతు రాలేదు.

కాక లైటు అందుకుని, అటూ ఇటూ తిప్పి, ఒకసారి వెలిగించి చూశాడు. మేకు మీది బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు. రిజిస్టరు తెరిచాడు.

"పని జేసిన తావు?" అని అడిగాడు, మొహంలో నవ్వు లేకుండా.

"బెంగళూరు కాకా."

ఆయన ఒక్కో అక్షరం నిదానంగా రాశాడు. రిజిస్టరు మూసి, ఖాళీ బోర్డును ఒకసారి కింది నుంచి మీది దాకా చూసుకున్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి ఇంటికి బయలుదేరాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొగ్గు పొడి పడిందని అందరికీ చెప్పాను గానీ ఎవరూ నమ్మలేదు.

నెల తర్వాత బెంగళూరు పెద్దాయన దగ్గర్నుంచి మేనేజర్‌కు ఉత్తరం వచ్చింది. మీ బోర్డు సంగతి ఇప్పుడు మా మొదటి పాఠంలోనే చెబుతున్నాం, వచ్చే ఏడు శిక్షణకు దయచేసి ఆ అధికారిని కాకుండా, ల్యాంపు రూము పెద్దాయన్ను పాఠం చెప్పడానికి పంపండి, అని. ఉత్తరం తీసుకుని నేనే కాక ఇంటికి పోయి చదివి వినిపించాను. ఆయన మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"పోత గాని, నేను రిటైరైతి గద సార్," అన్నాడు. "మరి నా బిళ్ళ ఎవల దగ్గర పెట్టి పోవాలె?"

దాంతో నేను అక్కడికక్కడే ఆయన చేతిలో చెయ్యి వేసి చేసిన శపథం ఇది, మీరంతా సాక్షులు. ఉప్పు పొట్లానికి కొట్టు దాకా పోయినా సరే, రేపు అంతరిక్ష నౌక మా ఇంటి ముందుకొచ్చి హారను కొట్టినా సరే, ఎక్కడికి పోతున్నానో ఇంట్లో చెప్పకుండా గడప దాటను. నా ఇత్తడి బిళ్ళకు ఇప్పుడు మా వంటింట్లో ఒక మేకు ఉంది. నేను బయటికి పోతే మా ఆవిడ దాన్ని తగిలిస్తుంది, తిరిగి వస్తే తీసి చేతికిస్తుంది. అన్నం ఆ తర్వాతే.