పొయ్యి ఆర్పని రెండు రోజులు

నా చిన్నప్పుడు, గల్ఫ్‌లోని బనియాస్‌లో ఒక పాత విల్లాను గదులుగా పంచుకుని మూడు కుటుంబాలం ఉండేవాళ్ళం. వంటగది ఒక్కటే. అందులో మా అమ్మ పొయ్యి పక్కది శ్రీలంక అక్కది. అమ్మ నర్సుగా చేసే ఆసుపత్రిలోనే ఆవిడ బట్టలుతికే విభాగంలో పనిచేసేది. భర్త లేడు. ఏడేళ్ళ కొడుకును గాల్ అనే సముద్రపుటూళ్ళో తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. కొబ్బరిపాలు పిండుతూ, మాతో ఉండి నేర్చుకున్న తెలుగులో తన దేశం సంగతులు చెప్పేది. దాల్చినచెక్క కోసం పోర్చుగీసువాళ్ళు దిగారట, వాళ్ళను తరిమి డచ్చివాళ్ళు సముద్రం ఒడ్డున పెద్ద కోట కట్టారట. ఇద్దరినీ బాగా తిట్టేది. ఆ కోటగోడ మీద తన కొడుకు గాలిపటం ఎగరేస్తాడని చెప్పేటప్పుడు మాత్రం కోపం ఉండేది కాదు.

క్రిస్మస్ మర్నాడు సునామీ వచ్చింది. అక్క వాళ్ళ ఊళ్ళోకి సముద్రం రావడం టీవీలో చూశాం. అక్క ఫోన్ కార్డు మీద కార్డు గీకింది, లైను కలవలేదు. బాపట్ల దగ్గర మావాళ్ళు క్షేమమని మాకు మధ్యాహ్నానికే తెలిసింది. అప్పుడు నేను గంతులేసినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

పాపం ఏం తిందో ఏమోనని అమ్మ పళ్ళెంలో అన్నం, పప్పు సర్ది, అక్కకిచ్చి రమ్మంది. కష్టంలో ఉన్నవాళ్ళకు అన్నం పంపడం మా వైపు మామూలే. పళ్ళెం చూడగానే అక్క మొహం పాలిపోయింది. నన్ను దాటుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"సచ్ బోలో దీదీ. నిజం చెప్పు, నా బాబు పోయాడా?"

వాళ్ళ దేశంలోనూ చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరట, అలాంటి ఇంటికే ఇరుగుపొరుగువాళ్ళు వండి తెస్తారట. మా అన్నాన్ని ఆవిడ కబురనుకుంది. అమ్మ ఒట్టేసి చెప్పినా చాలాసేపు నమ్మలేదు. నావల్లే ఆ పిల్లాడికి ఏదో అయిపోయినట్టు నేను ఏడుపు లంకించుకున్నాను.

కాసేపటికి అక్క కళ్ళు తుడుచుకుని తన పొయ్యి వెలిగించింది. వాళ్ళు పండగలకు చేసుకునే కొబ్బరిపాల అన్నం వండి నా ముందు పెట్టింది.

"కబురు రాలేదు. నా ఇల్లు చావిల్లు కాదు. నువ్వు తిను," అంది.

రెండు రోజులు పూటపూటా వండింది. తను మెతుకు ముట్టలేదు గానీ మాచేత తినిపించింది. నాకు మింగుడు పడకపోతే, తినమని అమ్మ కళ్ళతోనే చెప్పేది.

మూడో రోజు ఫోన్ వచ్చింది. పిల్లాడు కోట లోపల ఉండి బతికాడు. సంతకు వెళ్ళిన అక్క వాళ్ళమ్మ శవం దొరికింది. అక్క ఫోన్ పెట్టేసి, నేరుగా వంటగదిలోకి వచ్చి, పొయ్యి కట్టేసింది.

"ఇప్పుడు తీసుకురండి దీదీ," అంది.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. ఎవరి మనిషైనా ఐసీయూలో ఉన్నాడని తెలిస్తే క్యారేజీ పట్టుకుని బయల్దేరను. వాళ్ళ తలుపు కొట్టి, పొయ్యి వెలిగించి నాకు కాస్త టీ పెట్టమని అడుగుతాను. సమయం సందర్భం తెలియని మనిషినని కొందరనుకుంటారు. అనుకోనీ.