ఒంటినిండా ఒకేలా పాతబడిన చీరలు

చీర పాతబడడానికి ఒక పద్ధతి ఉంటుంది. ముందు అడుగు అంచు పోతుంది, మడమల కింద పడి పడి. తర్వాత బొడ్డు దగ్గర దోపుకునే చోట రంగు దిగుతుంది. కొంగు చివర చేతులు, పిల్లల ముక్కులు తుడిచి తుడిచి మెత్తబడుతుంది. కుచ్చిళ్ల లోపలి మడతలో మాత్రం ఎన్నేళ్లయినా కొన్ననాటి రంగు కొంచెం మిగిలే ఉంటుంది. మూడో తరగతిలో బడి మానేసిన దాన్ని. బొంతలు కుట్టీ కుట్టీ నేర్చుకున్న చదువు ఇది.

నా కొడుకు కూతురు నంద్యాలలో బొంతల వ్యాపారం పెట్టింది. పాత నూలు చీరలు నాలుగు పొరలుగా వేసి చేత్తో కుట్టిస్తుంది. కొన్ని పక్కమీద పరుచుకోవడానికి, కొన్నింటిని కత్తిరించి కోట్లూ సంచులూ చేయడానికి. బెంగళూరు కంపెనీ ఒకటి వాటిని కొని విదేశాలకు పంపుతుంది. పాతగుడ్డ వృథా కాకూడదు, కొత్తగుడ్డ కోసం నీళ్లూ రంగులూ ఖర్చు కాకూడదు, అదీ వాళ్లు చెప్పుకునే మాట. ఆ మాట నాకు నచ్చింది. ఇన్నాళ్లకు ఒక కంపెనీకి బుద్ధి వచ్చిందనుకున్నాను. మా ఆళ్లగడ్డలో బస్సెక్కి వచ్చి, మనవరాలు పనికి పెట్టుకున్న ఆడవాళ్లకు కుట్టు నేర్పాను. వాళ్లలో ఒక సాయిబుల ఆమె ఉంది, పక్క సందు. ఆమె కుట్టు చూస్తే నాది నాకే వంకరగా కనిపించేది.

స్టీలు గిన్నెల గంప నెత్తిన పెట్టుకుని తిరిగే ఆమె గిన్నెలిచ్చి ఇంటింటా పాత చీరలు తెచ్చేది. ఆరు నెలలు బాగానే జరిగింది. తర్వాత గంప ఖాళీగా రావడం మొదలైంది. నూలు చీర కట్టేవాళ్లు ఎంతమంది మిగిలారు? పొద్దున లేస్తే నైటీ, బయటికి పోతే తళతళలాడే పాలిస్టరు. పాలిస్టరు చెమట పీల్చదు, బొంతకు పనికిరాదు.

ఆ సమయంలోనే నాకు మోకాళ్లు పట్టేసి నెలరోజులు ఆళ్లగడ్డలోనే ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి గదిలో నా భుజం ఎత్తున పాత చీరలు. ఎక్కడివని అడిగితే, దొరికాయిలే జేజీ అని మనవరాలు ఫోను చూసుకుంటూ వెళ్లిపోయింది.

కుట్టడానికి కూర్చున్నాను. నాలుగు కుట్లు వేసేసరికి సూది పక్కన గుడ్డ పిగిలింది. ఇంకో చీర తీసుకున్నాను, అదీ అంతే. విప్పి వెలుతురుకు పట్టుకుని చూశాను. అంచు, కొంగు, నడుము, కుచ్చిళ్లు అన్నీ ఒకేలా వెలిసిపోయి ఉన్నాయి. ఎవరి మడమా తొక్కలేదు, ఎవరి బొడ్డులోకీ పోలేదు. కొంగు మూల మిల్లువాళ్ల ముద్ర మసకగా ఇంకా ఉంది.

సాయిబుల ఆమె తల ఎత్తకుండా మెల్లగా అంది: "డాబా మీదికి పోయి చూడక్కా. నా నోటితో చెప్పియ్యొద్దు."

మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాను. పైన నీలం డ్రమ్ములు. మూత తీస్తే బ్లీచింగు వాసన ముక్కులోంచి నెత్తికెక్కింది. లోపల కొత్త చీరలు నానుతున్నాయి. పక్కన ఇటుక ముక్కలు, రుద్దడానికి. రుద్దిన చీరలు తీగల మీద వేలాడుతున్నాయి, ఒంట్లో రక్తం తీసేసినట్టు. డ్రమ్ముల నీళ్లు గొట్టంలోంచి వీధి కాలువలోకి పోతున్నాయి. ఆ కాలువ పోయేది కుందూ నదిలోకి.

నా పెళ్లయ్యాక కొత్త చీర అంటే ఏడాదికి ఒకటి. దాన్ని ఎండలో ఆరేస్తే రంగు పోతుందని నీడన ఆరేసుకున్న దాన్ని. ఇక్కడ ఒక్కరోజు కూడా ఎవరూ కట్టని చీరను ఇటుకతో తోమి చంపుతున్నారు, దేనికి? పాతగుడ్డను కాపాడుతున్నామని చెప్పుకోవడానికి.

కిందికి దిగి మనవరాలిని పిలిచి అడిగాను. అది సిగ్గుపడలేదు. పాతవి దొరకడం లేదని, ఆర్డరు మాత్రం రెట్టింపు అయిందని, కంపెనీ ఆమె రేపే చూడటానికి వస్తుందని చెప్పింది. ఆమె ఫోనులో వీడియో తీస్తుందట. ఇవి మా ఊరి ఆడవాళ్లు కట్టి విడిచిన చీరలని నేను చెప్పాలట.

"ఒక్క మాట జేజీ. పదిమంది ఆడోళ్లు దీనిమీదే బతుకుతాండారు. నీ మాటైతే కంపెనీవాళ్లు నమ్ముతారు."

ఆ పదిమందీ నా వైపే చూస్తున్నారు.

మరునాడు కంపెనీ ఆమె కారులో వచ్చింది. చిన్న వయసే, మెత్తటి మనిషి, చెప్పులు బయట విడిచి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. తెలుగు బాగానే మాట్లాడింది. ఒక బొంత నా ఒళ్లో పెట్టి ఫోను పట్టుకుంది. ఆ బొంత మూలన గుడ్డచీటీ కుట్టి ఉంది. దాని మీద నా మొహం, బొట్టుతో సహా అచ్చు వేసి ఉంది. కింద ఇంగ్లీషు అక్షరాలు. ఇది ఎప్పుడు కుట్టారో నాకు తెలియదు.

నేను ఫోనులోకి చూసి చెప్పాను: "ఇవి ఎవురూ కట్టిన చీరలు కావు. కొత్తవి తెచ్చి, డాబా మీద బ్లీచింగులో ముంచి, ఇటికతో రుద్ది పాతవి చేసినారు. ఆ నీళ్లు కుందూలో కలస్తాండాయి."

గదిలో సూదులన్నీ ఆగాయి. మనవరాలు గోడకు ఆనుకుంది. ఆర్డరు పోయిందని అందరితోపాటు నేనూ అనుకున్నాను.

కంపెనీ ఆమె ఫోను దించలేదు. "తెలుసు అవ్వా," అంది నవ్వుతూ. "అందరూ అట్లే చేస్తారు. మాటలు తీసేసి పాట పెట్టుకుంటాం. మీ మొహం చాలా బాగుంది. కొంచెం నవ్వండి."

ఇంత వయసు వచ్చింది, నన్ను తిట్టినవాళ్లున్నారు, అబద్ధాలకోరని అన్నవాళ్లూ ఉన్నారు. నా నోట్లో మాట తీసేసి మొహం మాత్రం ఉంచుకుంటానన్న మనిషిని అదే మొదలు చూడటం. కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అదీ బాగుందని ఇంకో ఫొటో తీసుకుంది.

ఆర్డరు పోలేదు. ఆమె కాఫీ తాగి, సాయంత్రం వ్యాను వస్తుందని చెప్పి వెళ్లిపోయింది. మనవరాలి మొహంలోకి రక్తం వచ్చింది. చూసినావా జేజీ, నువ్వు చెప్పినా ఏమీ కాలేదు అంది, నన్ను ఓదార్చినట్టు.

కట్టలు కట్టి పెట్టిన బొంతల దగ్గరికి పోయి కూర్చున్నాను. మొదటిది విప్పి, సూది మొనతో మూల చీటీ కుట్టు ఒక్కొక్కటే ఎత్తాను. చీటీ ఊడి వచ్చింది. రెండోది తీసుకున్నాను.

"ఏం చేస్తాండావ్ జేజీ? వాళ్లు అడిగిందే ఆ బొమ్మ. అది లేకుంటే వెనక్కి పంపుతారు."

"పంపనీ. బొంతలు నీవి. మొగం నాది."

చేయి పట్టుకోబోయింది. నా చేతిలో సూది చూసి ఆగింది. ఏడుస్తూ లోపలికి పోయింది. సాయిబుల ఆమె ఒక కట్ట తన ముందుకు లాక్కుని విప్పడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు విప్పలేదు. వాళ్లను నేను ఏమీ అనను, వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగాలి.

వ్యాను హారన్ కొట్టేసరికి చివరి చీటీ ఊడింది. బొంతలు మొహం లేకుండానే పోయాయి. కంపెనీ వాటిని ఉంచుకుందో తిప్పి పంపిందో నేను అడగలేదు. మనవరాలు చెప్పలేదు, ఫోను కూడా చేయడం లేదు.

చీటీలన్నీ సంచిలో వేసుకుని ఆళ్లగడ్డ వచ్చాను. గుడ్డ మాత్రం మంచి గుడ్డ, దళసరిగా ఉంది. పారేయడానికి చేతులు రాలేదు. బొమ్మలు లోపలికి పోయేట్టు తిరగేసి, ఒకదానికొకటి అతికి మసిగుడ్డలు కుట్టాను. పొయ్యి మీది గిన్నె దించుకోవడానికి బాగానే పనికొస్తున్నాయి.