మగ్గం గదిలో మగ గొంతు

ఆషాఢ మాసం, బుధవారం, మధ్యాహ్నం మూడుంబావు. మా మగ్గం గదిలో మగ గొంతు మొదటిసారి వినబడింది అప్పుడే. ఇవాళ పొద్దున పెట్టెలోంచి ఒక చీర తీసి నీడన ఆరేస్తే ఆ గంట మళ్లీ గుర్తొచ్చింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. బాగానే ఉంటుంది గానీ ఎవరికీ అమ్మలేదు.

ధర్మవరంలో మా ఇంటి మగ్గం మీద నా కొడుకు సగం నేసి వదిలిన చీర అది. వాడు గుండె ఆగి పోయినాక కర్మలు అయ్యేదాకా మగ్గం ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత నా కోడలే మగ్గం గుంటలోకి దిగి కూర్చుంది. పుట్టింట్లో నేర్చిన నేత. నాకొక అలవాటు ఉంది, ఏదైనా వేలు పెట్టి చూడందే నమ్మను. పాలయినా, బియ్యమయినా. పూజారి ఇచ్చే తీర్థంలో కూడా నీళ్లు కలిసినాయేమోనని చూస్తానని నా కొడుకు ఎగతాళి చేసేవాడు. ఆ అలవాటుకొద్దీ ముందురోజు సాయంత్రం నేత తడిమి చూస్తే జానెడు మేర బిగువు, ఆపైన నాలుగు వేళ్ల మేర వదులు, మళ్లీ బిగువు. ఒక్క చేతి నేత అట్లా ఉండదు. పైగా ఆ బుధవారం తలుపు అవతల మగ గొంతు. పుట్టిల్లు కుందుర్పి నుంచి కోడలి అన్న అప్పటికే రెండుసార్లు వచ్చి, “వానల్లేవు, మొగుడు లేడు, ఈడేముండాది నీకు? రామ్మా” అని పిలిచి పోయినాడు. ఆమె పోతుందో ఉంటుందో నాకు తెలియదు. పోయేముందు ఎవడినో తెచ్చి నా కొడుకు మగ్గం మీద కూర్చోబెడుతోందని నాకు గట్టి అనుమానం.

“ఏమ్మే, లోపల ఎవరుండారు?” అన్నాను.

“ఎవురూ లేరత్తా. పాట.”

“పాటకు దగ్గు కూడా వస్తాదా?”

కోడలు నవ్వింది. వాడు పోయినాక ఆ నవ్వు వినడం అదే మొదలు. దానిమీద కూడా నాకు అనుమానమే.

మరునాడు రాట్నం తీసుకుని గడపలో కూర్చున్నాను, కండెలు చుట్టాలనే సాకుతో. గోడ గూట్లో ఫోను. అందులో ఎవరో ముసలాయన మాటల్లేకుండా రాగం తీస్తున్నాడు, చీకటి గదిలో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు. మధ్యలో ఒకసారి దగ్గినాడు. రాగం సాగినంతసేపూ కోడలి చెయ్యి మెత్తబడింది, పోగును బిగించే పలక దెబ్బ వదులైంది. మృదంగం అందుకోగానే దెబ్బ బిగిసింది. రెండు చేతులు కావు, ఒక చెయ్యే.

“నేత పాడైతాంది. ఆపెయ్ దాన్ని” అన్నాను.

“ఆపితే ఏడుపొస్తాది అత్తా. కండ్లనీళ్లు పడితే పట్టుకు మరక, మళ్లీ పోదు. వదులు నేతయితే కట్టుకోనన్నా కట్టుకోవచ్చు.”

ఆ సాయంత్రం నేసి చుట్టిన గుడ్డ వెనక్కి విప్పి చూశాను. నా కొడుకు నేత ఆగి ఆమె నేత మొదలైన చోట, వరసగా మరకలు. అంతకుముందు వాటిని చూసి పిల్లిని అనుమానించాను. అక్కడి నుంచి చివరిదాకా వేలితో వెతికాను. ఇంకొక్క మరక లేదు. అయినా ఆ ముసలాయన్ని నేను నమ్మలేదు. ఏమీ అడక్కుండా ఇచ్చేవాడి మీద కన్నేసి ఉంచాలి. అందుకని రోజూ మూడుంబావుకు గడపలో కూర్చోసాగాను.

వాళ్లన్న మూడోసారి వచ్చినాడు. “బట్టలు సర్దుకో, బస్సుండాది” అన్నాడు. ఆమె ఆయన్ని మగ్గం గదిలోకి తీసుకుపోయింది. వెనకే నేనూ పోయాను. చీర నేసి దించినాక, మగ్గం వదిలిపోయేవాళ్లు మిగిలిన పాత పడుగు, ఆ నిలువు పోగులన్నీ, కోసేస్తారు. ఆమె కోయలేదు. దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది.

“సగం అతికినాను అన్నా. ఇప్పుడు లేస్తే అంతా చిక్కు పడతాది.”

ఆయనా నేతగాడే. పోగుల మీద చెయ్యి వేసి చూసి, కాసేపు పాట విని, కాఫీ తాగి ఒక్కడే బస్సెక్కినాడు.

పాత కొస మిగిలినంతవరకే కొత్త రోజును అతకగలమని ఈ వయసులో తెలిసింది. పోయినవి చెప్తాను: ఒక కొడుకు. అమ్మకానికి పనికిరాకుండా ఒక చీర. నా మధ్యాహ్నపు నిద్ర, ఇప్పటికీ.