నాయనమ్మ చూసిన చుక్క

ఈ మధ్యాహ్నం కంద చెక్కు తీస్తుంటే దాని తడిమన్ను వాసనా, వేళ్ళ సందుల్లో మొదలైన సన్నటి దురదా కలిసి నన్ను కాసేపు కదలనివ్వలేదు. కార్తీక సోమవారం. పొద్దుటినుంచీ మంచినీళ్ళతో ఉన్నాను, నడుము పట్టేసింది, ఇంకా బచ్చలి కడగాలి, ఆవ నూరాలి, పులుసు పెట్టాలి. అయినా ఈ వాసన మళ్ళీ నా దాకా పంపినందుకు చెమ్మచేతులతోనే స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

ఈ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో మేము రాయపూర్ శివార్లలో ఒక బియ్యం మిల్లు వెనక ఉండేవాళ్ళం. శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన నాన్నకి ఆ మిల్లులోనే పని. దసరా వెళ్ళి ఎండ మెత్తబడేసరికి ఆరంగ్ నుంచి కొత్త ధాన్యం లారీలు వరసకట్టేవి. ఉడికిన వడ్ల ఆవిరి దుప్పట్లకీ, మా జడలకీ, దేవుడి పటాలకి వేసిన బంతిపూలకీ కూడా పట్టేది. తులసికోట మీద పేరుకున్న ఊకదుమ్ముని నాయనమ్మ వేలితో తడిమి చూసి మళ్ళీ కడిగించేది. అస్తమానం జ్వరపడే పిల్లనని నన్ను బడికి పంపలేదు. వంటింట్లోనే అమ్మ నాకు అక్షరాలు దిద్దించింది, పప్పు ఉడికేలోపు ఎక్కాలు అప్పజెప్పించుకుంది. అందుకే ఆ శరత్తులన్నీ నాకు వంట చప్పుళ్ళతోనే గుర్తున్నాయి.

కార్తీక సోమవారాల్లో అమ్మా నాయనమ్మా పగలంతా ఉపవాసం ఉండి, చుక్క కనిపించాక భోంచేసేవారు. చుక్క కనబడకపోతే మర్నాడు స్నానమయ్యేదాకా మంచినీళ్ళే. అది నాయనమ్మ పెట్టిన కట్టడి, ఇంట్లో ఎవరూ దాటేవారు కాదు. ఆ ఒక్క పూట కోసం అమ్మ ఇంటిల్లిపాదికీ పండగంత వంట చేసేది. ఆవపెట్టిన కంద బచ్చలికూర, గుమ్మడికాయ పులుసు, పెసరపప్పు, నువ్వులపొడి, కొత్తబియ్యం పరమాన్నం, అన్నీ నోట్లో వేసుకుని చూడకుండానే. ఉప్పు చాలిందో లేదో గిన్నె మీదికి వంగి ఆవిరి పీల్చి చెప్పేది.

నాయనమ్మ కళ్ళకి అప్పటికే శుక్లాలు. ఆకులో ఏది ఎక్కడుందో నేను ఆవిడ వేలు పట్టి చూపించాలి. నేను ఆకలికి ఆగలేక, పెరట్లోంచి "నాయనమ్మా, చుక్క!" అని కేకేసేదాన్ని.

"ఏ పక్కనే?"

"మిల్లు పక్కన."

"అది మిల్లు బలుబే. నీ ఆకలికి అదీ సుక్కలాగే అగుపిస్తాది."

ఒక ఏడు అమ్మకి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. కడుపు ఖాళీగా ఉంచవద్దని డాక్టరు చెప్పినా ఆ సోమవారం ఉపవాసం మానలేదు. గోడ పట్టుకుని లేస్తూ, పీట మీద కూలబడుతూ వంటంతా తనే చేసింది. సాయంత్రానికి ముసురు పట్టి ఆకాశం మూసుకుపోయింది. అన్నం మీద గుడ్డ కప్పి అమ్మ గుమ్మానికి జారగిలబడింది. పెదవులు తెల్లబడ్డాయి. బచ్చలికూర కోసి ఇచ్చిన పక్కింటి సావిత్రిబాయి ఆ మొహం చూడలేక, "ఖా లే దీదీ, భగవాన్ నఇ రిసాయ్" అంది, తినేయ్ అక్కా, దేవుడేమీ కోప్పడడని. అమ్మ నవ్వి తల అడ్డంగా ఊపింది. అత్తగారు చెబితే తప్ప అమ్మ ముద్ద ముట్టదు.

డ్యూటీ దిగి వచ్చిన నాన్న చెప్పులైనా విప్పకుండా, "అమ్మా, ఈ ఒక్క పాలికీ దాన్ని తినీమను" అన్నాడు.

"నానేటి సెప్తానురా? సెప్పడానికి నానెవర్ని?" అంది నాయనమ్మ.

కాసేపటికి ఆవిడే లేచింది. నేను చెయ్యి అందిస్తే తోసేసి, గోడ తడుముకుంటూ డాబా మెట్లెక్కింది. దిగివచ్చేసరికి తల తడిసింది.

"సూసినాను. మబ్బు సీలి ఒక్కటి ఎలిగింది. లెగు కోడలా, ఒడ్డించుకో."

నాన్న పైకి చూశాడు. సన్నగా చినుకు పడుతూనే ఉంది. చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. అమ్మ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసి, కాళ్ళకి దణ్ణం పెట్టి దీపం వెలిగించింది. ఆ సాయంత్రం అమ్మ పెద్ద పెద్ద ముద్దలు కలుపుకు తింది. పరమాన్నం రెండోసారి వడ్డించుకుంది. మేమంతా తిన్నాం. నాయనమ్మ మాత్రం కడుపులో బాగోలేదంటూ మంచినీళ్ళు తాగి పడుకుంది. ఆ చుక్క ఆవిడకి మాత్రం కనబడలేదన్న సంగతి నాకు ఎన్నో ఏళ్ళకిగాని తట్టలేదు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, దాని చోట అపార్టుమెంట్లు లేచాయి. వడ్ల ఆవిరి లేదు, నాయనమ్మా లేదు, అమ్మా లేదు. కంద మాత్రం అలాగే దురద పెడుతోంది, అందుకూ సంతోషమే. వంట ముగించి, అన్నం మీద గుడ్డ కప్పి, గుమ్మానికి జారగిలబడ్డాను. పొగో మంచో తెలియదు, ఆకాశమంతా బూడిద రంగులో ఉంది. మా ఆయన బాల్కనీలోంచి తొంగిచూసి, "ఏం లేదు, మబ్బే" అన్నారు. మా అమ్మాయి పరిగెత్తుకెళ్ళి చూసొచ్చి, "సచ్‌మే కుఛ్ నహీ, మమ్మీ" అంది, తనకీ ఏమీ కనబడలేదని.

నిజమే చెప్పారు. మా ఇంట్లో ఇప్పుడు అందరి కళ్ళూ బాగానే ఉన్నాయి.