ముడి లేని కుట్టు

ఆ శుక్రవారం మధ్యాహ్నం అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో కింగ్ వీధి యూదులు దుకాణాలు ఒక్కొక్కటే కట్టేస్తున్నారు. దర్జీ ఫైవెల్ తన కొట్టు పొద్దుటినుంచీ తెరవనే లేదు. వెనక గదిలో అతని భార్య స్ప్రింజాను నేలమీద పడుకోబెట్టారు. ఆగస్టు ఎండ. పొద్దుగుంకితే సబ్బాతు వచ్చేస్తుంది, ఇక శనివారమంతా పూడ్చకూడదు. ఈలోగా పూడ్చకపోతే ఆదివారం దాకా ఆమె ఆ ఉక్కలోనే ఉండాలి.

ఆడమనిషి శవానికి తొడిగే అంగీ ఆడవాళ్ళే కుట్టడం ఆనవాయితీ. తనే కుడతానని ఫైవెల్ కాళ్ళావేళ్ళా పడ్డాక, శవాలకు స్నానం చేయించే ముసలి పేషా పిన్ని ఒప్పుకుంది.

“ఇరవయ్యేళ్ళలో దానికో గౌను కుట్టిన పాపాన పోలేదు. ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లే సరిపోయాయి నీకు. సరే, కానీ. ముళ్ళు మాత్రం వెయ్యకు.”

“తెలుసు పిన్నీ.”

తెల్లటి నారబట్ట. దానికి జేబులుండకూడదు, దారానికి ముడి ఉండకూడదు. గంటలో కుట్టి ఇచ్చాడు. పేషా చేతిపట్టీ తిరగేసింది. వేలికి ముడి తగిలింది. పక్కనే ఇంకోటి. ఏ కుట్టు చివర చూసినా అంతే.

“ఇదేం పనిరా ఫైవెల్?”

“అలవాటు పిన్నీ. ముప్పయ్యేళ్ళుగా కుడుతున్న చెయ్యి.”

అన్నీ విప్పారు. మళ్ళీ కుట్టాడు. నాలుగున్నరకు ఆమె మళ్ళీ చూసింది. ఈసారి ముళ్ళు చిన్నవి, మడతల్లో దాచినవి. బండివాడు తలుపు కొట్టాడు.

“శ్మశానం దగ్గరేం కాదమ్మా! ఇంకెంతసేపు?”

పేషా గొంతు తగ్గించింది. “ఇది అలవాటు కాదురా.”

ఫైవెల్ తలెత్తలేదు. “ముడి లేకపోతే ఊడిపోతుంది పిన్నీ. రెండు నెలలైనా నిలవదు.”

“నిలవకూడదనే. దాన్ని పోనివ్వాలి కదరా.”

“ఎక్కడికి పోనిచ్చేది? ఒక్కతే చేపల బజారుకు పోవాలన్నా భయమే దానికి!”

పేషా ఆ ముళ్ళన్నీ మళ్ళీ విప్పేసింది. అతని పక్కన చతికిలబడి, దారం కొస రెండువేళ్ళతో నొక్కిపట్టుకుంది.

“కుట్టు. జారకుండా నేను పట్టుకుంటాను.”

ఒక్కో కుట్టుకూ ఆమె వేళ్ళు కొసను పట్టుకున్నాయి. ఆఖరి కుట్టయ్యాక వదిలేసింది. జారితే బాగుండునన్నట్టు ఫైవెల్ ఆ దారాన్నే చూశాడు. జారలేదు.

ఆడవాళ్ళు అంగీ తీసుకుని లోపలికెళ్ళి గడియ వేసుకున్నారు. నీళ్ళు పోస్తున్న చప్పుడు మొదలైంది. ఇంకొక్కసారి తప్పుగా కుట్టి ఉంటే ఆదివారం దాకా ఇంట్లోనే ఉండేదనుకుంటూ, అతను తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాడు.