దొనాతాతో బేరమాడని ఊళ్ళు

ఎజీదియో పోయి నెల తిరగకముందే అతని భార్య దొనాతా చేపల వ్యాను తాళాలు అందుకుంది. సముద్రం ఒడ్డు నుంచి కొండల మీది పాత ఊళ్ళకు వారం వారం తిరిగే బండి అది. ఒక వారం రాకపోతే జనం ఎదురు చూస్తారు. ఆ తర్వాత ఇంకొకడి బండి దగ్గర నిలబడతారు.

ఆడపడుచు కార్మెలీనా గుమ్మానికి అడ్డం నిలబడింది. "నల్లబట్టలు కట్టుకుని నడివీధిలో అరుస్తావా? నలుగురూ ఏమనుకుంటారే?"

"నలుగురూ చేపలు కొంటే చాలు వదినా, ఏమైనా అనుకోనీ. తప్పుకో."

మొదటి ఊరు పిస్తిచ్చిలో సున్నం కొట్టిన ఇళ్ళ వరుసల మధ్య బండి ఆపి గొంతెత్తింది. "నెత్తళ్లమ్మా, నెత్తళ్లు! ఇప్పుడే వల దిగిన నెత్తళ్లు!"

ఆడవాళ్ళు పళ్ళేలతో బయటికొచ్చారు. నల్లబట్టలు చూసి గబగబా లోపలికెళ్ళి, మూతపెట్టిన గిన్నెలతో తిరిగొచ్చారు. చావు జరిగిన ఇంటివాళ్ళు పొయ్యి వెలిగించకూడదు, మిగతావాళ్ళే వండి పెట్టాలి, పెట్టింది కాదనకూడదు. ఇక దుఃఖంలో ఉన్న మనిషితో బేరమాడటమంటే అంతకంటే సిగ్గుమాలిన పని లేదు.

"తిను తల్లీ, ఎంత చిక్కిపోయావో!" అన్నారు. దొనాతా చిక్కిందీ లేదు, పాడూ లేదు. జాలిపడి ఇద్దరు ముగ్గురు గుప్పెడేసి కొన్నారు, మొప్పలైనా ఎత్తి చూడకుండా. జాలితో కొన్నవాళ్ళు మళ్ళీ రారు. ఆ సంగతి చేపలమ్మే ఇంట్లో ఎవరికైనా తెలుసు.

ఫెర్రాందీనాలోనూ అదే వరస. పక్క సీటు మీద మాకరోనీ పళ్ళేలు, సాసేజీలు, వేయించిన ఎండుమిరపకాయలు పేరుకున్నాయి. వెనక పెట్టెల్లో ఐసు నీరవుతోంది, చేపలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంటికి పోదామా అనిపించింది. పోతే కార్మెలీనా మొహం చూడాలి. దానికంటే కొండ మలుపులే నయమనుకుని గేరు మార్చింది.

గ్రొత్తోలెలో సెరఫీనా అనే ముసలావిడ ఉంది. ప్రతివారం ఎజీదియోతో చేపల కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేసేది. ఆవిడ దెబ్బలాట ముగిశాకే మిగతా ఆడవాళ్ళు వచ్చి కొనేవాళ్ళు. ఆ సెరఫీనా ఇవాళ మాంసం చారు గిన్నె పట్టుకుని పిల్లిలా వచ్చింది.

"నువ్వెంతంటే అంతే తల్లీ. మంచి చేపలే అయ్యుంటాయి."

దొనాతాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో వారం ఇలా తిరిగితే బండి అమ్ముకోవలసిందే. పెట్టెలోంచి పొట్ట చితికిన పెద్ద చేపనొకదాన్ని ఏరి తక్కెడలో పడేసింది.

"ఇదిగో పిన్నీ, అన్నిట్లోకీ ఖరీదైంది ఇదే."

ముసలావిడ పెదవి కొరుక్కుని డబ్బు సంచి విప్పింది.

"తీసుకో మరి. నీకు చేప చూడటం రాదని మా ఆయన ఎప్పుడూ అంటూండేవాడులే."

"ఏంటీ?" చారు గిన్నె ఠపీమని గట్టు మీదికి దిగింది. "ఎజీదియో అన్నాడా ఆ మాట? నాకా చూడటం రానిది?" చేపను తోకపట్టి ఎత్తింది. "ఇది చేపేనా? పొట్ట పగిలింది, మొప్పలు బొగ్గయ్యాయి! అవతల పారెయ్. అడుగునున్నవి తియ్యి. మంచివన్నీ అడుగున దాచడం మీ ఇంటావంటా ఉంది!"

"దాచలేదు! నీలాంటివాళ్ళు చేతులు పెట్టి చిదమకుండా పెట్టా!"

"అబ్బో, నోరు చూడు దీనికి! సగానికిస్తావా, పోతావా?"

"సగానికా? ఐసు ముక్క కూడా రాదు!"

కిటికీలు తెరుచుకున్నాయి. పళ్ళేలతో ఆడవాళ్ళు మెట్లు దిగసాగారు. తూకం వేస్తూ దొనాతా ఏడ్చేసింది. అంత్యక్రియలనాడు కూడా రాని ఏడుపు అది, ఎంతకీ ఆగలేదు.

"ఏడిస్తే ఏడువు గానీ, తక్కెడ మీద చెయ్యి తియ్యి," అంది సెరఫీనా. "వచ్చే వారం కూడా ఇలాంటి చచ్చు సరుకు తెచ్చావో, నీ మొహాన కొడతా."

దొనాతా మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "వచ్చే వారం ఎన్ని తెమ్మంటావు?"